శబ్దం తగ్గిందని సంతోషించకండి: తల, మెడ క్యాన్సర్ రోగులకు ఊపిరి ఆడనప్పుడు, రక్తం పోతున్నప్పుడు

(ఒక జిల్లా ఆసుపత్రిలో క్యాజువాల్టీ సిబ్బందికి, 108 టెక్నీషియన్లకు, నయం కాని రోగుల బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ నర్సులకు జరిగిన శిక్షణలో ఒక ఈఎన్‌టీ సర్జన్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకు వినబడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించండి బాబూ, నా గొంతు అసలే పెద్దది కాదు. ఈఎన్‌టీ డాక్టరు గొంతే ఇలా ఉంటే ఇక పేషెంట్ల సంగతేమిటని అనుకోకండి.

స్లైడ్లు తేలేదు. స్లైడ్లు పెడితే మీరు ఫోన్లో ఫొటోలు తీసుకుంటారు, తీసుకున్న ఫొటో మళ్లీ ఎవరూ తెరిచి చూడరు. కాబట్టి మాట్లాడతాను. మధ్యమధ్యలో అడుగుతాను, మీరు జవాబు చెప్పాలి.

మొదటి ప్రశ్న. రాత్రి రెండు గంటలకు క్యాజువాల్టీ నుంచి నాకు ఫోన్ వస్తుంది. "సార్, గొంతు క్యాన్సర్ పేషెంటు వచ్చాడు, ఆయాసంగా ఉందంటున్నాడు. సాచురేషన్ 98 ఉంది సార్. పొద్దున చూస్తారా?" ఏమంటారు, పొద్దున చూడొచ్చా? చూడొచ్చని ఎవరో అన్నారు. ఎవరన్నారో అటు చూడను లెండి.

98 అన్న అంకె ఏం చెబుతోంది? రక్తంలో ఆక్సిజన్ ఉందని చెబుతోంది. అంతవరకే. ఆ ఆక్సిజన్‌ను లోపలికి లాక్కోవడానికి మనిషి ఎంత పాట్లు పడుతున్నాడో అది చెప్పదు. గొంతు దారి సన్నబడ్డ మనిషి మెడ కండరాలు, పక్కటెముకల మధ్య కండరాలు, పొట్ట, అన్నీ పెట్టి గాలి లాగుతూ ఉంటాడు. గంటల తరబడి లాగుతాడు. లాగగలిగినంత సేపూ అంకె బాగానే ఉంటుంది. ఓపిక అయిపోయాక నిమిషాల్లో పడిపోతుంది. పైగా మనం మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇస్తున్నాం కదా, దానివల్ల అంకె పడటం ఇంకా ఆలస్యమవుతుంది. మిషన్ 80 చూపించేసరికి మీ చేతిలో ఉన్న టైమ్ అయిపోయిందన్నమాట. అందుకని గొంతు క్యాన్సర్ పేషెంటు విషయంలో నాకు ఫోన్ చేసినప్పుడు సాచురేషన్ చివర చెప్పండి. ముందు చెప్పాల్సినవి వేరే ఉన్నాయి, వాటికి వస్తాను.

ఒక చిన్న లెక్క. గొట్టం వెడల్పు సగానికి తగ్గితే గాలికి అడ్డు ఎంత పెరుగుతుంది? రెట్టింపా? కాదు. 16 రెట్లు. అది కూడా గాలి సాఫీగా పోతున్నప్పటి లెక్క. గాలి సుడులు తిరగడం మొదలైతే ఇంకా ఎక్కువ. అందుకే ఆర్నెల్లుగా ఎలాగో నెట్టుకొస్తున్న మనిషి ఒక జలుబుకో, చిక్కటి కఫం ఒక ముద్ద అడ్డం పడితేనో ఒక్క రాత్రిలో కూలబడతాడు. "నిన్నటిదాకా బాగానే ఉన్నాడండీ" అని ఇంట్లోవాళ్లు చెప్పేది అబద్ధం కాదు. నిన్నటిదాకా నిజంగానే నెట్టుకొచ్చాడు.

మన దగ్గర ఈ పేషెంట్లు ఎవరో మీకు చెప్పక్కర్లేదు. మన దేశంలో మగవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సర్‌దే మొదటి స్థానం. గుట్కా, ఖైనీ, బీడీ, చుట్ట. ఉత్తరాంధ్ర వాళ్లు ఉన్నారా ఇక్కడ? ఉన్నారు. శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు, అడ్డపొగ అంటారు కదా. పై అంగిలికి క్యాన్సర్ రావడం మిగతా చోట్ల అరుదు, అక్కడ అరుదు కాదు. సరే, ఆ మాటలోకి దిగితే ఈ పూట అయిపోతుంది.

మనకు కావలసిన సంగతి ఏమిటంటే, గుట్కా తిన్నవాళ్ల నోరు ముందే బిగుసుకుపోయి ఉంటుంది. రెండు వేళ్లు పట్టవు, ఒక్కోసారి ఒక వేలు కూడా పట్టదు. అలాంటి నోట్లోకి లారింగోస్కోపు, అంటే గొంతు లోపల చూసి ట్యూబు వేసే పరికరం, ఎలా వెళ్తుంది? పోనీ నోరు తెరిచాడనుకోండి, లోపల కణితి. ముట్టుకుంటే రక్తం. పోనీ కణితికి వైద్యం అయిపోయింది, రేడియేషన్ అయింది అనుకోండి. మనవాళ్లు కరెంటు పెట్టించామంటారే, ఆ కరెంటు పెట్టిన మెడ గట్టిపడిపోతుంది, వెనక్కి వంగదు, లోపల వాపు ఉంటుంది. మామూలు పేషెంటు దగ్గర "ఊపిరి ఆగితే ట్యూబు వేసేద్దాంలే" అనుకునే ధైర్యం ఉంటుంది చూశారా, ఆ ధైర్యం ఇక్కడ పనికిరాదు. ట్యూబు వేయలేం అనుకునే మొదలుపెట్టాలి.

ఇప్పుడు శబ్దం సంగతి. నాకు ఫోన్లో మొదట చెప్పాల్సింది ఇది. ఊపిరి శబ్దం వస్తోందా? వస్తే గాలి పీల్చేటప్పుడా, వదిలేటప్పుడా? ఆస్తమాలో పిల్లికూతలు ఎక్కువగా వదిలేటప్పుడు వస్తాయి. స్వరపేటిక దగ్గర దారి సన్నబడితే పీల్చేటప్పుడు కూత వస్తుంది. స్ట్రైడర్ అంటాం. స్టెత్ ఛాతీ మీద పెట్టి "రెండు పక్కలా వీజ్ ఉంది" అని, అంటే పిల్లికూతలని, రాసేస్తారు. ఒక్కసారి అదే స్టెత్ మెడ మీద పెట్టి వినండి. ఎక్కడ గట్టిగా వినిపిస్తే జబ్బు అక్కడ ఉంది.

ఇదెందుకు ఇంత సాగదీసి చెబుతున్నానంటే, బీడీలు కాల్చే అరవయ్యేళ్ల మనిషికి ఆయాసం అంటే మన ఊళ్లల్లో ఏం జరుగుతుంది? ఆర్‌ఎంపీ దగ్గర ఆయాసానికి ఒక డెరిఫిలిన్, వాపుకు ఒక డెక్సా. డెక్సాతో వాపు కాస్త దిగుతుంది, రెండు రోజులు హాయిగా ఉంటుంది. మళ్లీ వస్తాడు, మళ్లీ అదే ఇంజెక్షన్. అలా నెలల తరబడి ఆస్తమా పేషెంటుగా తిరుగుతాడు. గొంతు బొంగురుపోయి ఎన్నాళ్లయిందని ఒక్కరూ అడగరు. మూడు వారాలు దాటిన బొంగురు గొంతుకు, అందులోనూ పొగ తాగేవాడికి, ఎవరో ఒకరు లోపల స్వరపేటికను చూసి తీరాలి. క్యాజువాల్టీలో కూర్చున్న మీరు ఆ ఒక్క ప్రశ్న అడిగినా చాలు.

ఇక అసలు మోసం ఎక్కడుందో చూడండి. ఈ మనిషి మంచం అంచున కూర్చుని ఉంటాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చి, ముందుకు వంగి, గడ్డం కాస్త పైకెత్తి. ఒళ్లో తువ్వాలు, దాని మీద చొంగ కారుతుంటుంది, మింగుడు పడటం లేదు కాబట్టి. పేరు అడిగితే ఒక మాట చెప్పి ఆగుతాడు, గాలి పీల్చుకుని రెండో మాట చెబుతాడు. మెడ కింద గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పోతుంటుంది. శబ్దం గది బయటికి వినిపిస్తోంది. అటూ ఇటూ చూస్తాడు, మాస్కు లాగేస్తాడు, చెయ్యి విదిలిస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లకు టెన్షన్. "పెద్దాయన్ని కాస్త పడుకోబెట్టండమ్మా, ఒక ఫెనర్గనో మిడజోలామో ఇవ్వండి, స్థిమితపడతాడు" అని ఎవరో అంటారు. ఇస్తారు. పది నిమిషాలకు శబ్దం తగ్గుతుంది. అందరూ హమ్మయ్య అనుకుంటారు.

ఎందుకు తగ్గింది శబ్దం? చెప్పండి. దారి తెరుచుకుందా? లేదు. శబ్దం రావాలంటే గాలి కదలాలి. గాలి కదలడం లేదు కాబట్టి శబ్దం లేదు. మనిషి నిద్రపోవడం లేదు, అలిసిపోయాడు, కార్బన్ డయాక్సైడ్ నెత్తికెక్కింది. శబ్దం తగ్గింది, మనిషి మత్తుగా ఉన్నాడు అంటే పరుగెత్తాల్సిన టైమ్ అది. శబ్దం తగ్గిందని సంతోషించకండి. మళ్లీ చెబుతున్నా, శబ్దం తగ్గిందని సంతోషించకండి.

కాబట్టి కూర్చోనివ్వండి. తనకు ఎలా హాయిగా ఉంటే అలా. పడుకోబెట్టకండి. ఈసీజీకని పడుకోబెట్టొద్దు, సీటీకి అసలే పంపొద్దు. దారి సన్నబడ్డ మనిషిని స్కానింగు బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు వేసి, మనం అద్దం వెనక నిలబడితే ఏమవుతుందో మీరే ఊహించండి. గొంతు లోపల చూద్దామని కర్ర చెక్క పెట్టి నాలుక నొక్కొద్దు. మత్తు ఇంజెక్షన్ వద్దు. అతని చిరాకు ఊపిరాడక వచ్చింది, దానికి మందు గాలి.

చెయ్యాల్సినవి చెబుతాను. ఆక్సిజన్, వీలుంటే తేమతో. అడ్రినలిన్ నెబ్యులైజేషన్: 1 మిల్లీగ్రాము ఆంప్యూల్స్ ఐదు, అంటే 5 మిల్లీలీటర్లు, ఏమీ కలపకుండా. వాపు దిగుతుంది, అదీ ఒకటి రెండు గంటలపాటే. గుండె వేగం చూసుకుంటూ ఉండాలి. డెక్సామెథసోన్ 8 మిల్లీగ్రాములు ఐవీ, ఇది పని చేయడానికి గంటలు పడుతుంది, అందుకే ముందే ఇచ్చేయాలి. ఇవన్నీ వైద్యమా? కాదు. ఇవన్నీ టైమ్ కొనుక్కోవడం. కొనుక్కున్న ఆ గంటలో ఏం చేశామన్నదే ముఖ్యం. నెబ్యులైజేషన్ పెట్టాక "ఇప్పుడు ఫర్వాలేదు" అని వార్డుకు పంపేసి, రెండు గంటల తర్వాత మందు దిగిపోయినప్పుడు అక్కడ ఒక్క నర్సు యాభై మంది పేషెంట్లతో ఉంటే ఏం లాభం?

108 వాళ్లకు ఒక మాట. మీ సర్వీసు 2005లో మొదలైంది, ఇన్నేళ్లలో మీరు చూసినన్ని గొంతులు చాలామంది డాక్టర్లు చూసి ఉండరు. ఇలాంటి పేషెంటును దగ్గర్లో ఉందని ఏదో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లొద్దు. సర్జను, ఎనస్థీషియా డాక్టరు ఇద్దరూ ఉన్నచోటికి తీసుకెళ్లాలి. బయల్దేరేటప్పుడే ఫోన్ చేయండి. "ఈఎన్‌టీ పేషెంటు" అంటే ముక్కులో శనగగింజ అనుకుంటారు. "గొంతు మూసుకుపోతోంది, కత్తి పెట్టాల్సి రావచ్చు" అనండి. అప్పుడు థియేటర్ తాళం తీసి ఉంటుంది.

థియేటర్లో ఏం చేస్తామంటే, చాలాసార్లు మనిషి మెలకువగా ఉండగానే, సగం కూర్చోబెట్టి, మెడ దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి ట్రాకియాస్టమీ చేస్తాం, అంటే మెడ ముందు గాలి గొట్టానికి రంధ్రం చేసి ట్యూబు పెడతాం. పేషెంటుకు భయం, మాకూ భయమే. కానీ తన ఊపిరి తను తీసుకుంటున్నంతసేపు మాకు దారి ఉంది. మత్తిచ్చి కండరాలు సడలించామా, అప్పటిదాకా కండబలంతో తెరిచి పెట్టుకున్న ఆ సన్నటి సందు కూడా మూసుకుపోతుంది.

2011లో బ్రిటన్‌లో ఎన్‌ఏపీ4 అని ఒక పెద్ద ఆడిట్ రిపోర్టు వచ్చింది. ఒక ఏడాది పాటు అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో ఊపిరి దారి దగ్గర జరిగిన పెద్ద ప్రమాదాలను సేకరించారు. అందులో 40 శాతం దాకా తల, మెడ జబ్బులున్న పేషెంట్లే. ఇంకో విషయం బయటపడింది. ఊపిరి పూర్తిగా ఆగిపోయినప్పుడు మెడలోకి సూది గుచ్చి గాలి పంపుదామని చేసిన ప్రయత్నాల్లో నూటికి అరవై దాకా విఫలమయ్యాయి. కత్తితో కోసి దారి చేసినవి దాదాపు అన్నీ పనిచేశాయి. అయినా ఎందుకు సూదికే చెయ్యి పోతుంది? సూది అయితే మన చేతికి అలవాటు. కత్తి అంటే "నేను సర్జన్‌ను కాను కదా" అన్న సంకోచం. ఆ సంకోచంలో నాలుగు నిమిషాలు పోతాయి. ఆ నాలుగు నిమిషాల్లో మెదడు పోతుంది.

అందుకే 2015లో బ్రిటన్ డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ పద్ధతిని బాగా తేలిక చేసింది. 10 నంబరు బ్లేడు, ఒక బూజీ (ట్యూబుకు దారి చూపే సన్నటి వంగే కడ్డీ), 6 సైజు కఫ్ (గాలితో ఉబ్బే బుడగ) ఉన్న ట్యూబు. మూడే వస్తువులు. కంఠమణి కింద వేలు జార్చితే చిన్న గుంట తగులుతుంది, దాని కింద గట్టి ఉంగరం. ఆ గుంటలో అడ్డంగా కోత, బ్లేడు తిప్పి, పక్కనుంచి బూజీ, బూజీ మీదుగా ట్యూబు. మెడ వాచిపోయి గుంట తెలియకపోతే? మన పేషెంట్లలో సగం మందికి తెలియదు. అప్పుడు నడిమధ్యన నిలువుగా 8 నుంచి 10 సెంటీమీటర్లు కోసి, వేళ్లతో కండ పక్కకు నెట్టి లోపల తడుముకోవాలి. రక్తం వస్తుంది, రానివ్వండి. మన దేశంలో ఆల్ ఇండియా డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో నాకు నచ్చినది ఒకటుంది: నోటి వైపు ప్రయత్నం సాగుతున్నంతసేపు ముక్కు ద్వారా ఆక్సిజన్ ఆపొద్దు అని. ఖర్చు లేని పని, గొట్టం ముక్కుకు తగిలించడమే.

ఇదంతా ముందే ఆలోచించుకోకపోతే రాజులకైనా ఇదే గతి. జర్మనీ చక్రవర్తి మూడో ఫ్రెడరిక్ కథ వినే ఉంటారు. 1887లో యువరాజుగా ఉండగా గొంతు బొంగురుపోయింది. జర్మన్ డాక్టర్లు క్యాన్సర్ అన్నారు. లండన్ నుంచి వచ్చిన గొంతు డాక్టరు మెకంజీ ముక్క తీసి పంపితే, ఆ కాలపు పేరుమోసిన పాథాలజిస్టు విర్కో అంతటివాడు చూసి క్యాన్సర్ కనిపించలేదన్నాడు. డాక్టర్ల గొడవలోనే నెలలు గడిచాయి. చివరికి 1888 ఫిబ్రవరి 9న, ఇటలీలో సాన్ రెమో అనే ఊళ్లో, ఊపిరాడని స్థితిలో బ్రామన్ అనే యువ సర్జన్ ట్రాకియాస్టమీ చేశాడు. మరుసటి నెలలో తండ్రి పోయాడు, ఈయన చక్రవర్తి అయ్యాడు. 99 రోజులు రాజ్యం చేశాడు. నోట మాట లేదు, చీటీల మీద రాసి చూపించేవాడు. ట్యూబు మార్చే దగ్గర కూడా డాక్టర్లు ఒకరి మీద ఒకరు నెపాలు వేసుకున్నారు. మన దగ్గర ఇప్పటికీ అదే కదా, కోసిన చోట ఒకరు, రేడియేషన్ ఇచ్చిన చోట ఒకరు, ట్యూబు బ్లాకైతే మాత్రం మీ క్యాజువాల్టీ.

ఆ ట్యూబు సంగతే చూద్దాం. మెడలో రంధ్రం ఉన్నవాళ్లందరూ ఒకటి కాదు. ట్రాకియాస్టమీ అయినవాళ్లకు పై దారి కూడా ఎంతో కొంత ఉండొచ్చు. లారింజెక్టమీ, అంటే స్వరపేటిక మొత్తం తీసేసినవాళ్లకు, ముక్కు, నోరు ఊపిరితిత్తులతో సంబంధం లేనివే. వాళ్ల నోటికి మాస్కు పెట్టి 15 లీటర్ల ఆక్సిజన్ ఇస్తే గోడకు ఇచ్చినట్టే. బ్రిటన్‌లో మంచం తల దగ్గర కార్డులు పెడతారు, ట్రాకియాస్టమీకి ఆకుపచ్చ, లారింజెక్టమీకి ఎరుపు. మనకు కార్డుల ఖర్చు పెద్దదేం కాదు, ఒక అట్టముక్క చాలు. తెలియనప్పుడు రెండు చోట్లా ఇవ్వండి, మెడకూ, ముఖానికీ.

ట్యూబు మూసుకుపోతే ముందు లోపలి గొట్టం బయటికి తీయండి. సగం కేసులు అక్కడే తీరిపోతాయి. ఎండాకాలంలో కఫం ఎండి ఆ గొట్టంలో పెచ్చు కట్టి ఉంటుంది. తర్వాత సక్షన్ గొట్టం వేసి చూడండి, దిగుతోందా? దిగకపోతే కఫ్ గాలి తీసేయండి. అయినా లాభం లేకపోతే ట్యూబే తీసేయాలి. ఇక్కడే అందరికీ చెయ్యి వణుకుతుంది. పూర్తిగా మూసుకుపోయిన ట్యూబు మెడకు బిరడా కొట్టినట్టే, దాన్ని ఉంచి ఏం కాపాడుతున్నాం? ఆపరేషనై వారం కూడా కాకపోతే మాత్రం లోపల దారి ఇంకా కట్టుకోదు, మళ్లీ పెట్టడం కష్టం. అలాంటివాళ్లకు సర్జన్ కోసం కేక వేస్తూ చేయండి.

ఇప్పుడు రక్తం. దీని దగ్గర కాస్త ఆగుదాం.

ఈ పేషెంట్లలో రక్తం రెండు రకాలు. కణితి పుండు నుంచి ఊరుతూ ఉండేది ఒకటి. రోజూ కాస్త కాస్త, ఉమ్మిలో జీరలు. ఇది ఇబ్బందే గానీ మనకు టైమ్ ఇస్తుంది. అడ్రినలిన్‌లో తడిపిన గాజ్ గుడ్డ పెట్టి నొక్కొచ్చు, రక్తం గడ్డ కరగకుండా నిలిపే ట్రానెక్జామిక్ యాసిడ్ మాత్ర పొడి చేసి నీళ్లలో కలిపి ఆ గుడ్డ పెట్టొచ్చు. మళ్లీ మళ్లీ వస్తుంటే రేడియేషన్ డాక్టరును అడగండి, 8 గ్రే మోతాదు రేడియేషన్ ఒకే ఒక్కసారి ఇచ్చినా చాలామందికి ఊరడం తగ్గుతుంది. ఇదివరకే కరెంటు పెట్టినవాళ్లకు ఇవ్వొచ్చో లేదో వాళ్లు చెబుతారు.

రెండోది కరోటిడ్ ధమని తెగడం. మెడలో మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద గొట్టం. ఎవరికి తెగుతుంది? మెడకు ఆపరేషనై, రేడియేషనై, పైన చర్మం పోయి పుండు పడ్డవాళ్లకు. రెండోసారి రేడియేషన్ తీసుకున్నవాళ్లకు. ఆపరేషన్ కుట్ల దగ్గర నుంచి ఉమ్మి కారుతూ ఫిస్టులా, అంటే చిల్లు, పడ్డవాళ్లకు, ఆ ఉమ్మి ధమని గోడను నానబెడుతూ ఉంటుంది. మళ్లీ తిరగబెట్టిన కణితి ఉన్నవాళ్లకు. ఈ లిస్టులో రెండు మూడు కలిసి ఉన్న మనిషి మీ వార్డులో ఉంటే మీకు పేరుతో సహా తెలిసి ఉండాలి.

చాలామందిలో ఈ ధమని చెప్పాపెట్టకుండా తెగదు. ముందు ఒక చిన్న రక్తస్రావం వస్తుంది. పొద్దున లేచేసరికి దిండు గలేబు మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మరక. డ్రెస్సింగ్ విప్పితే తాజా ఎర్ర రక్తం ఒక ధారగా వచ్చి, రెండు నిమిషాలు నొక్కితే ఆగిపోతుంది. ఆగిపోయింది కదా! సిస్టర్ డ్రెస్సింగ్ మార్చేస్తుంది, కేస్ షీటులో ఏమీ రాయదు, డ్యూటీ డాక్టరుకు చెప్పదు. గంటల్లోనో, కొద్ది రోజుల్లోనో అదే చోటు నుంచి పెద్దది వస్తుంది. అప్పుడు నొక్కడానికి కూడా టైమ్ ఉండదు. ఆ మొదటి మరక రోజునే కరోటిడ్‌కు యాంజియోగ్రామ్ చేయించి ఉంటే, లోపల కాయిల్ వేసి ధమని మూసేయడమో, కవర్డ్ స్టెంట్, అంటే లోపలి నుంచి తొడుగు, పెట్టడమో కుదిరి ఉండేది. హైదరాబాద్, విశాఖ వంటి చోట్ల ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులు చేస్తున్నారు. ఆ ధమనిని పూర్తిగా మూసేసే ముందు కాసేపు బెలూన్‌తో ఆపి చూస్తారు, రెండో పక్క ధమని మెదడు మొత్తాన్ని పోషించగలదో లేదో తెలియాలి కదా. పరుగులు పెడుతున్న వేళ ఆ పరీక్షలన్నీ ఎక్కడ? అందుకే ఆగిపోయిన రక్తం గురించే నాకు ఫోన్ చేయండి. కారుతున్న రక్తం గురించి ఎలాగూ చేస్తారు.

సరే, పెద్దది వచ్చింది. ఏం చేస్తారు? గాజ్ మీద గాజ్ పేర్చుకుంటూ పోవద్దు. ఎంత పేర్చినా పైన తడవడమే తప్ప లోపల ఒత్తిడి పడదు. గ్లవ్స్ వేసుకుని, ఒక గాజ్ పెట్టి, రెండు వేళ్లతో సరిగ్గా కారే చోట, వెనక వెన్నెముక వైపు నొక్కండి. ఆ పక్కే నొక్కాలి. రెండు పక్కలా నొక్కితే మెదడుకు రక్తం ఆగుతుంది, మెడ చుట్టూ బిగించి కట్టు అసలే కట్టొద్దు. నొక్కినవాళ్లు చెయ్యి తీయకూడదు, ఐదు నిమిషాలకోసారి "ఆగిందా" అని తీసి చూడకూడదు. మిగతా పనులు మిగతావాళ్లు చేస్తారు. లావు క్యాన్యులాలు రెండు, బ్లడ్ బ్యాంకుకు శాంపిల్, ట్రానెక్జామిక్ యాసిడ్ 1 గ్రాము పది నిమిషాల్లో ఐవీ.

నోట్లోకి రక్తం వస్తుంటే? కూర్చోగలిగితే ముందుకు వంచి ఉమ్మనివ్వండి. కూర్చోలేకపోతే రక్తం కారే పక్క కిందికి వచ్చేలా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెల్లకిలా వద్దు. ఎందుకంటే వీళ్లలో చాలామంది రక్తం పోయి చనిపోరు. ఒంట్లో ఐదు లీటర్ల దాకా రక్తం ఉంటుంది. గాలి గొట్టాల్లో పట్టేది 150 మిల్లీలీటర్లే. అందులోకి రక్తం దిగితే చాలు. కాబట్టి మెడలో కఫ్ ఉన్న ట్యూబు ఉంటే వెంటనే కఫ్‌లో గాలి నింపండి, పైనుంచి వచ్చే రక్తం కిందికి దిగకుండా అడ్డం పడుతుంది. ఇంటికి పంపేటప్పుడు లోహపు ట్యూబు పెడతాం, దానికి కఫ్ ఉండదు. అది తీసి కఫ్ ఉన్నది వేయాలి. నోరంతా గాజ్‌తో కుక్కడం దాని తర్వాతే. ఊపిరి దారి భద్రం చేయకుండా నోరు కుక్కితే రక్తం బయటికి రాదు, లోపలికి పోతుంది.

ట్రాకియాస్టమీ ట్యూబు లోపలి నుంచే రక్తం వచ్చే రకం ఇంకొకటి ఉంది. ట్యూబు కొస రాసుకుని ఛాతీ పైభాగంలో ఉండే ఇన్నామినేట్ ధమనికి చిల్లు పడుతుంది. ఎక్కువగా ఆపరేషనైన మొదటి మూడు నాలుగు వారాల్లో. రెండు రోజులు దాటాక ట్యూబు నుంచి 10 మిల్లీలీటర్లు తాజా రక్తం వచ్చినా సక్షన్ గీసుకుందిలే అని వదలొద్దు. పెద్దగా వస్తే కఫ్‌ను మామూలు కన్నా ఎక్కువ ఉబ్బించండి. ఆగకపోతే సర్జన్ రంధ్రంలోంచి వేలు దించి ధమనిని రొమ్ము ఎముక వైపు ముందుకు నొక్కి పట్టి, అలాగే థియేటర్‌కు నడవాలి. అరుదైన సంగతి, ఇక్కడితో వదిలేస్తా.

ఇప్పటిదాకా చెప్పిందంతా కాపాడగలిగినవాళ్ల గురించి. వైద్యాలన్నీ అయిపోయి, ఇంటి దగ్గర మంచాన ఉన్న మనిషికి కరోటిడ్ తెగితే? పాలియేటివ్ కేర్ సిస్టర్లు నా వైపే చూస్తున్నారు. ఆ ఇళ్లకు వెళ్లేది మీరే.

అక్కడ నిర్ణయం ముందే జరిగి ఉండాలి. ఇంట్లోవాళ్లు "ఆయనకు చెప్పొద్దండీ, తట్టుకోలేడు" అంటారు. ఆయనేమో వాళ్లను వంటింటి వైపు పంపించి, "మావాళ్లకు చెప్పకండి సిస్టర్" అంటాడు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ దాస్తారు. నా మటుకు నేను పేషెంటునే అడుగుతాను. "రక్తం వస్తే మళ్లీ ఆసుపత్రికి పోదామా, ఇంట్లోనే ఉందామా?" అని సూటిగా. కోపగించుకున్నవాళ్లు తక్కువ. జవాబు రాసిపెట్టండి, ఇంట్లో ఒక కాపీ, మీ దగ్గర ఒక కాపీ. లేకపోతే కంగారులో 108కు ఫోన్ చేస్తారు, 108 వాళ్లు తమ డ్యూటీ తాము చేస్తారు, ఆ మనిషి వద్దనుకున్నవన్నీ క్యాజువాల్టీలో జరుగుతాయి.

ఇంట్లో ముదురు రంగు తువ్వాళ్లు ఉంచమనండి, ముదురు నీలమో, ఆకుపచ్చో. తెల్ల దుప్పటి మీద రక్తం ఇంట్లోవాళ్లు జన్మలో మరిచిపోలేరు. డాక్టరు ముందే రాసిపెట్టిన మిడజోలామ్, 5 నుంచి 10 మిల్లీగ్రాములు, సిరంజితో సహా పెట్టెలో సిద్ధంగా ఉండాలి.

ఇందాక మిడజోలామ్ ముట్టుకోవద్దన్నారు, ఇప్పుడు ఇవ్వమంటున్నారేమిటని అడగరేం? ఇందాకటి మనిషికి దారి చేస్తే బతుకుతాడు, మత్తు ఆ దారి మూస్తుంది. ఈ మనిషికి మిగిలింది కొద్ది నిమిషాలు, ఆ నిమిషాల్లో భయం తెలియకుండా చూడటమే మన పని. మందు తేవడానికి మనిషిని వదిలి పరుగెత్తాల్సి వస్తే మందు వదిలేయండి, పక్కన కూర్చోండి. రోజువారీ ఆయాసానికి మార్ఫిన్ కొద్ది మోతాదులో పనిచేస్తుంది. 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించాక దాని లైసెన్సుల బాధ చాలా తగ్గింది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగంలో దీన్ని ఎలా వాడుతున్నారో వీలైతే వెళ్లి చూసి రండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, 108 తమ్ముడు. ట్యూబు పూర్తిగా ఊడి చేతిలోకి వస్తే దార్లో మేమే పెట్టొచ్చా అంటున్నాడు. నెలల నాటి రంధ్రమైతే పెట్టొచ్చు, అదే సైజు కానీ ఒక సైజు చిన్నది కానీ, కొసకు జెల్లీ రాసి, మెల్లగా కింది వైపు తిప్పుతూ. అడ్డు తగిలితే బలవంతం వద్దు, చర్మం కింద తప్పుదారిలోకి పోతుంది. మెడ దగ్గర ఆక్సిజన్ పెట్టి రండి. అందుకే ట్రాకియాస్టమీ పేషెంటును ఎక్కించుకునేటప్పుడు వాళ్ల ఇంట్లో ఉన్న స్పేర్ ట్యూబు అడిగి జేబులో వేసుకోండి. ఇంకొకటి, ఏమ్మా? రక్తం చూసి నాకే కళ్లు తిరుగుతాయంటున్నారా. హౌస్ సర్జన్లలో సగం మందికి తిరుగుతాయి, ముందు గోడకు ఆనుకుని నిలబడండి, తర్వాత నొక్కండి.

ఇక చాలు. పక్క గదిలో మేక గొంతులు తెప్పించాం, పొద్దున మటన్ కొట్టు నుంచి. తలా ఒక బ్లేడు, బూజీ, ట్యూబు తీసుకోండి. గుంట వేలికి తగిలిందాకా బ్లేడు పట్టుకోవద్దు. గ్లవ్స్ రెండు జతలు వేసుకోండి, వాసన వదలదు.